వెంటిలేటర్ పెట్టారంటే ఆశలు వదులుకోవాల్సిందేనా? ఐసీయూ స్క్రీన్ మీది అంకెలు ఏం చెబుతాయి?

"పేషెంట్‌కు వెంటిలేటర్ పెట్టాలి. ఇక్కడ సంతకం చేయండి."

ఐసీయూ తలుపు దగ్గర ఈ మాట విన్నాక, ఆ తర్వాత డాక్టర్ చెప్పేవి చాలామందికి చెవికెక్కవు. ఇక మనిషి దక్కడనే భయం ఒకవైపు, బిల్లు ఎంతవుతుందోనన్న దిగులు మరోవైపు. ఆపైన రోజూ వినిపించే కొత్త మాటలు: పీప్ పెంచాం, ఎఫ్ఐఓటూ ఎనభైలో ఉంది, మోడ్ మార్చాం, బోర్లా పడుకోబెట్టాం, వీనింగ్ మొదలుపెట్టాం.

ఇవన్నీ ఏమిటి? ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్నప్పుడు ఆ యంత్రాన్ని ఎవరు, ఎలా నడుపుతారు? బయట కూర్చున్న మీరు డాక్టర్‌ను ఏం అడగాలి?

వెంటిలేటర్ నిజంగా చేసే పని ఏమిటి?

ముందుగా ఒక విషయం. వెంటిలేటర్ జబ్బును నయం చేయదు. న్యుమోనియా తగ్గాలంటే యాంటీబయాటిక్ పనిచేయాలి. విషం శరీరం నుంచి పోవాలంటే విరుగుడు పనిచేయాలి. ఆ లోపు శ్వాస ఆగిపోకుండా చూడటమే వెంటిలేటర్ పని. అంటే అది మందు కాదు, మందు పనిచేసేంత వరకు దొరికే గడువు.

మనం మామూలుగా గాలి పీల్చేటప్పుడు డయాఫ్రమ్ కిందికి దిగుతుంది, ఛాతీ విచ్చుకుంటుంది, గాలి దానంతట అదే లోపలికి వెళ్తుంది. వెంటిలేటర్ తీరు దీనికి పూర్తిగా భిన్నం. గొంతులోకి వేసిన ట్యూబ్ ద్వారా అది గాలిని ఒత్తిడితో లోపలికి నెడుతుంది. వెంటిలేటర్ వల్ల జరిగే మేలుకూ, జరగగల హానికీ మూలం ఈ తేడాలోనే ఉంది.

ఈ పద్ధతి విస్తృతంగా వాడుకలోకి రావడానికి 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో వచ్చిన పోలియో విజృంభణ కారణమైంది. శ్వాస కండరాలు చచ్చుబడిన రోగులకు ఆసుపత్రిలో ఉన్న యంత్రాలు చాలలేదు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు గొంతుకు రంధ్రం చేసి ట్యూబ్ వేయించారు. వైద్య విద్యార్థులు షిఫ్టుల వారీగా పక్కన కూర్చుని, చేతితో సంచి నొక్కుతూ గాలి అందించారు. మరణాలు గణనీయంగా తగ్గాయి. నేటి ఐసీయూలకు అదే నాంది అని చెబుతారు.

దీన్ని ఎవరు నడుపుతారు?

అమెరికా వంటి దేశాల్లో ఈ పనికి రెస్పిరేటరీ థెరపిస్ట్ అనే ప్రత్యేక నిపుణులు ఉంటారు. ట్యూబ్ సరైన లోతులో ఉందో లేదో చూడటం, డాక్టర్ సూచనల మేరకు వెంటిలేటర్ సెట్టింగులు మార్చడం, రక్త పరీక్ష చూసి మళ్లీ సరిదిద్దడం, కఫం తీయడం, అలారం మోగితే కారణం పట్టుకోవడం, చివరకు రోగిని యంత్రం నుంచి బయటకు తీసుకురావడం వారి పని.

మన దగ్గర కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో రెస్పిరేటరీ థెరపిస్టులు ఉన్నారు. చాలాచోట్ల మాత్రం ఈ బాధ్యతను ఐసీయూ డాక్టర్లు, మత్తు వైద్యులు, స్టాఫ్ నర్సులు, టెక్నీషియన్లే పంచుకుంటున్నారు. 2021లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ అనుబంధ, ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఇలాంటి వృత్తుల చదువుకు, రిజిస్ట్రేషన్‌కు ఒక చట్రం ఏర్పాటు చేసింది.

యంత్రం ఉండటం వేరు, నడిపే మనిషి ఉండటం వేరు. కొవిడ్ సమయంలో ఈ సంగతి దేశమంతటికీ తెలిసొచ్చింది. 2020 మేలో పీఎం కేర్స్ నిధి నుంచి దేశంలో తయారైన 50,000 వెంటిలేటర్లకు 2,000 కోట్ల రూపాయలు కేటాయించారు. విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్‌లో కూడా వెంటిలేటర్లు తయారయ్యాయి. అయినా కొన్ని రాష్ట్రాల్లో అవి వాడకుండా మూలన పడి ఉన్నాయన్న వార్తలతో, 2021 మేలో వాటి ఏర్పాటు, వినియోగంపై ఆడిట్ చేయాలని ప్రధానమంత్రి ఆదేశించారు. అవసరమైతే సిబ్బందికి మళ్లీ శిక్షణ ఇవ్వాలని కూడా సూచించారు.

ఏఆర్‌డీఎస్ అంటే ఏమిటి?

ఐసీయూ బయట మీకు తరచూ వినిపించే మాట ఏఆర్‌డీఎస్. ఊపిరితిత్తులు హఠాత్తుగా, తీవ్రంగా దెబ్బతిని, శ్వాస అందని స్థితి ఇది. 1967లో అమెరికా వైద్యులు 12 మంది రోగుల వివరాలతో దీన్ని తొలిసారి వర్ణించారు.

ఊపిరితిత్తుల్లో కోట్ల సంఖ్యలో సన్నని గాలి బుడగల్లాంటి గదులు ఉంటాయి. ఏఆర్‌డీఎస్‌లో వాపు వల్ల రక్తనాళాల నుంచి నీరు కారి ఈ గదుల్లోకి చేరుతుంది. కొన్ని గదులు నిండిపోతాయి, కొన్ని ముడుచుకుపోతాయి. ఎంత ఆక్సిజన్ ఇచ్చినా రక్తంలోకి చేరే దారి మూసుకుపోతుంది.

దీనికి కారణాలు చాలా ఉన్నాయి. తీవ్ర న్యుమోనియా, ఒళ్లంతా పాకిన ఇన్‌ఫెక్షన్, క్లోమగ్రంథి వాపు, పెద్ద ప్రమాదాలు, కడుపులోని పదార్థం ఊపిరితిత్తుల్లోకి వెళ్లడం వంటివి ప్రధానమైనవి. మన ప్రాంతంలో డెంగీ, మలేరియా, స్క్రబ్ టైఫస్ ముదిరినప్పుడు కూడా ఈ పరిస్థితి రావచ్చు.

తీవ్రతను కొలవడానికి 2012 నుంచి బెర్లిన్ నిర్వచనం వాడుతున్నారు. లెక్క సులువే. ధమని రక్తంలోని ఆక్సిజన్ పీడనాన్ని, ఇస్తున్న ఆక్సిజన్ భాగంతో భాగించాలి. యంత్రం కనీసం 5 సెంటీమీటర్ల పీప్ ఇస్తుండగా ఈ లెక్క వేయాలి.

• 200 నుంచి 300 మధ్య వస్తే స్వల్పం
• 100 నుంచి 200 మధ్య వస్తే మధ్యస్థం
• 100, అంతకంటే తక్కువైతే తీవ్రం

ఉదాహరణకు రక్తంలో ఆక్సిజన్ పీడనం 60, ఇస్తున్న ఆక్సిజన్ 80 శాతం అనుకుందాం. 60ని 0.8తో భాగిస్తే 75. అంటే తీవ్ర దశ. ఆరోగ్యవంతుల్లో ఈ సంఖ్య 400కు పైనే ఉంటుంది.

2016లో ప్రచురితమైన, 50 దేశాల్లోని 459 ఐసీయూలను పరిశీలించిన అధ్యయనంలో ఏఆర్‌డీఎస్ రోగుల్లో సుమారు 40 శాతం మంది ఆసుపత్రిలోనే మరణించారు. తీవ్ర దశలో అది 46 శాతం. ఇది భయపెట్టే అంకే. కానీ అదే లెక్క ప్రకారం తీవ్ర దశకు చేరినవారిలో సగం కంటే ఎక్కువ మంది ఆసుపత్రి నుంచి బతికి బయటపడ్డారు.

ట్యూబ్ వేయకముందు వేరే దారులు లేవా?

ఉన్నాయి. రోగి స్పృహలో ఉండి, పరిస్థితి అదుపులో ఉంటే ముందుగా వీటిని ప్రయత్నిస్తారు.

హై ఫ్లో నేజల్ ఆక్సిజన్: ముక్కు దగ్గర పెట్టిన గొట్టం ద్వారా వెచ్చని, తేమతో కూడిన ఆక్సిజన్‌ను నిమిషానికి 60 లీటర్ల వరకు పంపుతారు. రోగి మాట్లాడొచ్చు, నీళ్లు తాగొచ్చు.

బైపాప్: బిగుతైన మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి ఇస్తారు. పొగతాగడం వల్ల వచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ముదిరినప్పుడు, గుండె వైఫల్యంతో ఊపిరితిత్తుల్లో నీరు చేరినప్పుడు ఇది బాగా పనిచేస్తుంది.

అయితే వీటితోనే ఎక్కువసేపు లాగడం కూడా ప్రమాదమే. రోగి అలసిపోతున్నా, స్పృహ తగ్గుతున్నా, ఆక్సిజన్ పడిపోతున్నా ట్యూబ్ వేయడం ఆలస్యం చేయకూడదు. "ఇంకో రోజు చూద్దాం" అని కుటుంబం పట్టుబట్టడం వల్ల చివరి నిమిషంలో, గుండె ఆగే స్థితిలో ట్యూబ్ వేయాల్సి రావచ్చు. అప్పుడు ముప్పు ఎక్కువ.

మోడ్ అంటే ఏమిటి? ఎన్ని రకాలు?

ఒక్కో శ్వాసను ఎవరు మొదలుపెట్టాలి, ఎంత గాలి వెళ్లాలి, ఎప్పుడు ఆపాలి? ఈ మూడు ప్రశ్నలకు యంత్రానికి ఇచ్చే ఆదేశాల కూర్పే మోడ్. కంపెనీలు పెట్టే పేర్లు వేరుగా ఉన్నా లోపలి పని తీరు కొన్ని రకాలే.

వాల్యూమ్ కంట్రోల్: ప్రతి శ్వాసలో ఇంత గాలి వెళ్లాలని కచ్చితంగా నిర్ణయిస్తారు. ఊపిరితిత్తులు గట్టిపడితే అదే గాలిని పంపడానికి ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి ఇందులో ఒత్తిడిని కనిపెట్టుకుని ఉండాలి.

ప్రెషర్ కంట్రోల్: ఇక్కడ ఒత్తిడిని నిర్ణయిస్తారు. ఆ ఒత్తిడికి ఎంత గాలి వెళ్తే అంత. ఊపిరితిత్తులు గట్టిపడినా, ట్యూబ్‌లో కఫం అడ్డుపడినా వెళ్లే గాలి తగ్గిపోతుంది. కాబట్టి ఇందులో గాలి పరిమాణాన్ని కనిపెట్టుకుని ఉండాలి.

పీఆర్‌వీసీ: పై రెండింటి కలయిక. కావాల్సిన గాలి పరిమాణం చెబితే, దాన్ని వీలైనంత తక్కువ ఒత్తిడితో అందించేలా యంత్రమే శ్వాస శ్వాసకూ సర్దుకుంటుంది.

ఎస్ఐఎంవీ: నిమిషానికి కొన్ని శ్వాసలు యంత్రం ఇస్తుంది, మధ్యలో రోగి సొంతంగా పీల్చుకోవచ్చు. ఒకప్పుడు యంత్రం నుంచి బయటకు తేవడానికి దీన్ని ఎక్కువగా వాడేవారు. ఆ పనికి ఇది నెమ్మదైన దారి అని అధ్యయనాల్లో తేలడంతో వాడకం తగ్గింది.

ప్రెషర్ సపోర్ట్: శ్వాసను రోగే మొదలుపెట్టాలి. యంత్రం వెనక నుంచి చేయూత ఇస్తుంది. మీ వాళ్లను ఈ మోడ్‌కు మార్చారంటే సాధారణంగా అది మంచి కబురే.

ఏపీఆర్‌వీ: ఊపిరితిత్తులను ఎక్కువసేపు అధిక ఒత్తిడిలో తెరిచి ఉంచి, క్షణకాలం మాత్రమే వదిలే పద్ధతి. అనుభవం ఉన్న బృందాలు ఎంపిక చేసిన రోగులకు వాడతాయి.

వీటిలో ఏది గొప్ప? తీవ్ర ఏఆర్‌డీఎస్‌లో ఫలానా మోడ్ వాడితేనే ఎక్కువ మంది బతుకుతారని గట్టి ఆధారం లేదు. మోడ్ పేరు కంటే దానిలో పెట్టిన అంకెలే ముఖ్యం. "పెద్దాసుపత్రిలో కొత్త మోడ్ ఉందట" అని విని ప్రమాదకర స్థితిలో ఉన్న మనిషిని తరలించాల్సిన పనిలేదు.

ప్రాణం నిలిపే అంకెలు ఏవి?

స్క్రీన్ మీద చాలా అంకెలు కదులుతుంటాయి. మీరు తెలుసుకోవాల్సినవి ఐదు.

1. టైడల్ వాల్యూమ్: ఒక్కో శ్వాసలో వెళ్లే గాలి, మిల్లీలీటర్లలో.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఏఆర్‌డీఎస్‌లో గాలి ఆడే భాగం చాలా తగ్గిపోతుంది. పెద్ద మనిషి ఛాతీలో పసిబిడ్డ ఊపిరితిత్తులంత భాగమే పనిచేస్తుంటుంది. అందులోకి మామూలు పరిమాణంలో గాలి నెడితే బాగున్న గదులు సాగి చిట్లిపోతాయి. కాపాడాల్సిన యంత్రమే గాయం చేస్తుంది.

2000లో అమెరికాలో 861 మందిపై జరిపిన అధ్యయనం దీన్ని తేల్చింది. కిలోకు 12 మిల్లీలీటర్ల చొప్పున గాలి ఇచ్చినవారిలో 39.8 శాతం మంది చనిపోతే, 6 మిల్లీలీటర్లు ఇచ్చినవారిలో 31 శాతం మంది చనిపోయారు. కొత్త మందేమీ ఇవ్వలేదు. గాలి తగ్గించారంతే.

ఇక్కడ కిలో అంటే తూకం వేస్తే వచ్చే బరువు కాదు, ఎత్తును బట్టి లెక్కగట్టే బరువు. మనిషి లావైనా ఊపిరితిత్తులు పెరగవు కదా. మగవారికి 50కి, ఆడవారికి 45.5కి, ఎత్తులో 152.4 సెంటీమీటర్లు తీసేసి 0.91తో గుణించిన సంఖ్యను కలుపుతారు. 170 సెంటీమీటర్ల ఎత్తున్న మగవారికి ఇది 66 కిలోలు. అంటే ఒక్కో శ్వాసకు సుమారు 400 మిల్లీలీటర్లు. 155 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీకి సుమారు 48 కిలోలు, 290 మిల్లీలీటర్లలోపు. ఆమె అసలు బరువు 85 కిలోలున్నా ఇదే లెక్క. బరువు చూసి 500 పెడితే అది ఆమె ఊపిరితిత్తులకు దాదాపు రెట్టింపు.

అందుకే పడుకున్న రోగి ఎత్తును టేపుతో కొలవడం చిన్న పనేమీ కాదు.

2. ప్లాటో ప్రెషర్: శ్వాస లోపలికి వెళ్లాక ఒక్క క్షణం ఆపి చూసే ఒత్తిడి. ఇది 30 సెంటీమీటర్ల నీటి పీడనం దాటకుండా చూస్తారు.

3. పీప్: శ్వాస వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో మిగిల్చి ఉంచే ఒత్తిడి. కొత్త బెలూన్‌ను మొదటిసారి ఊదడం కష్టం, సగం ఊది ఉన్నదాన్ని ఊదడం తేలిక. పీప్ చేసే పని అదే, గదులు పూర్తిగా ముడుచుకుపోకుండా పట్టి ఉంచుతుంది. మామూలుగా 5తో మొదలుపెడతారు, తీవ్ర దశలో 10 నుంచి 15, అవసరాన్ని బట్టి ఆపైకి వెళ్తారు. మరీ ఎక్కువైతే బీపీ పడిపోవచ్చు.

4. ఎఫ్ఐఓటూ: ఇస్తున్న గాలిలో ఆక్సిజన్ వంతు. మనం పీల్చే గాలిలో ఇది 21 శాతం. స్క్రీన్ మీద 100 ఉంటే పూర్తిగా ఆక్సిజనే వెళ్తోందని అర్థం. ఈ అంకె రోజురోజుకూ తగ్గుతుంటే ఊపిరితిత్తులు కోలుకుంటున్నట్టు.

5. రేటు: నిమిషానికి ఎన్ని శ్వాసలు. ఒక్కో శ్వాసలో గాలి తగ్గించారు కాబట్టి సంఖ్య పెంచుతారు. 35 వరకు వెళ్లొచ్చు.

ఇంకో విషయం. ఆక్సిజన్ స్థాయి 100 లేకపోతే కంగారు పడకండి. ఏఆర్‌డీఎస్‌లో 88 నుంచి 95 మధ్య ఉంటే చాలని చూస్తారు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు కొంత పెరిగినా, ఆమ్లత్వం హద్దు దాటనంత వరకు ఓర్చుకుంటారు. అన్ని అంకెలనూ మామూలు స్థాయికి తేవాలని యంత్రంతో బలవంతం చేస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి.

బోర్లా ఎందుకు పడుకోబెడతారు?

వెల్లకిలా పడుకున్నప్పుడు గుండె బరువు, పొట్ట ఒత్తిడి ఊపిరితిత్తుల వెనక భాగం మీద పడతాయి. నీరు కూడా అక్కడే చేరుతుంది. బోర్లా తిప్పితే ఆ భాగం తెరుచుకుని, రక్తం వెళ్తున్న చోటికే గాలీ వెళ్తుంది.

2013లో ఫ్రాన్స్ వైద్యుల నేతృత్వంలో 466 మందిపై జరిగిన అధ్యయనంలో, రోజుకు కనీసం 16 గంటలు బోర్లా ఉంచినవారిలో 28 రోజులలోపు 16 శాతం మంది చనిపోయారు. వెల్లకిలా ఉంచినవారిలో 32.8 శాతం మంది చనిపోయారు. ఇందులో ఖరీదైన పరికరం ఏదీ లేదు. కావాల్సింది ట్యూబ్, సెలైన్ గొట్టాలు ఊడకుండా జాగ్రత్తగా తిప్పగల నలుగురైదుగురు మనుషులు. ముఖం ఉబ్బినా, చెంపలపై ఒత్తిడి గుర్తులు కనిపించినా భయపడకండి. సాధారణంగా అవి తగ్గిపోతాయి.

అలారం మోగితే ప్రాణం పోతున్నట్టేనా?

కాదు. అలారం అంటే "వచ్చి చూడండి" అని యంత్రం పిలవడం. రోగి దగ్గినా, కఫం అడ్డుపడినా, గొట్టం మడతపడినా, ట్యూబ్‌ను కొరికినా ఒత్తిడి ఎక్కువైందని మోగుతుంది. గొట్టం ఊడినా, ఎక్కడైనా గాలి లీకైనా ఒత్తిడి తక్కువైందని మోగుతుంది. ఊపిరితిత్తికి చిల్లుపడి గాలి ఛాతీలో చేరడం లాంటి ప్రమాదకర కారణాలూ ఉంటాయి. అందుకే ప్రతి అలారానికీ ఎవరో ఒకరు వచ్చి, ముందు రోగిని, తర్వాత యంత్రాన్ని చూడాలి. లోపలికి వెళ్లినప్పుడు మీరు ఏ గొట్టాన్నీ కదపకండి, ఏ బటన్‌నూ నొక్కకండి. అలారం ఆగకుండా మోగుతున్నా ఎవరూ రాకపోతే పిలవండి.

అందరికీ ఒకే సెట్టింగా?

కాదు. కట్లపాము కాటేసినవారికి ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి, కండరాలు చచ్చుబడతాయి. వారికి కొద్దిపాటి ఆక్సిజన్‌తో శ్వాస అందిస్తే చాలు, విషం ప్రభావం తగ్గాక చాలామంది పూర్తిగా కోలుకుంటారు. తీవ్ర ఆస్తమాలో గాలి లోపలికి వెళ్లడం కంటే బయటకు రావడం కష్టం. అందుకే రేటు తగ్గించి, వదలడానికి ఎక్కువ సమయం ఇస్తారు. పారాక్వాట్ అనే కలుపుమందు తాగినవారి సంగతి మరీ వేరు. ఆక్సిజన్ ఎక్కువిస్తే ఆ విషం ఊపిరితిత్తులను ఇంకా దెబ్బతీస్తుంది కాబట్టి, తప్పనిసరి అయితేనే ఇస్తారు. "పక్క బెడ్ ఆయనకు అలా చేశారు, మావాడికి ఎందుకు చేయడం లేదు" అన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే.

యంత్రం నుంచి ఎప్పుడు బయటకు తెస్తారు?

అసలు జబ్బు అదుపులోకి వచ్చి, బీపీ నిలకడగా ఉండి, తక్కువ ఆక్సిజన్, తక్కువ పీప్‌తో నెట్టుకొస్తుంటే రోజూ ఉదయం ఒక పరీక్ష పెడతారు. మత్తు తగ్గించి, యంత్రం సాయాన్ని కనిష్ఠానికి తెచ్చి, అరగంట నుంచి రెండు గంటల వరకు సొంతంగా శ్వాస తీసుకోగలరేమో చూస్తారు. నెగ్గితే, దగ్గగల శక్తి కూడా ఉంటే ట్యూబ్ తీస్తారు. మొదటి రోజు నెగ్గకపోవడం ఓటమి కాదు, మర్నాడు మళ్లీ పెడతారు. ట్యూబ్ తీశాక మళ్లీ వేయాల్సి రావడమూ జరుగుతుంది.

ఎక్కువ రోజులు పడుతుందనిపిస్తే గొంతు ముందు భాగంలో చిన్న రంధ్రం చేసి ట్యూబ్ వేస్తారు. దీన్ని ట్రకియాస్టమీ అంటారు. పేరు వినగానే చాలా కుటుంబాలు వద్దంటాయి. నిజానికి దీంతో మత్తు తగ్గించవచ్చు, నోటి శుభ్రత సులువవుతుంది, అవసరం తీరాక తీసేస్తే రంధ్రం సాధారణంగా దానంతట అదే పూడుకుంటుంది.

చనిపోయినా వెంటిలేటర్ మీద ఉంచుతారా?

2003లో వచ్చిన 'ఠాగూర్' సినిమాలోని ఆసుపత్రి సన్నివేశం తర్వాత ఈ అనుమానం తెలుగు కుటుంబాల్లో మరింత బలపడింది. అసలు విషయం ఇది. వెంటిలేటర్ ఛాతీని కదిలించగలదు కానీ గుండెను కొట్టించలేదు. గుండె ఆగిపోతే నాడి ఉండదు, బీపీ ఉండదు, మూత్రం రాదు, ఒళ్లు చల్లబడి బిగుసుకుపోతుంది. అనుమానం ఉంటే లోపలికి వెళ్లి చూస్తామని, మానిటర్ మీద గుండె కొట్టుకోవడం, బీపీ చూపించమని అడగండి.

బ్రెయిన్ డెడ్ వేరు. అందులో గుండె కొంతకాలం కొట్టుకుంటూనే ఉంటుంది, మెదడు తిరిగిరాని స్థితికి చేరుతుంది. దీన్ని నిర్ధారించడానికి చట్టం ప్రకారం నిపుణుల బృందం రెండుసార్లు పరీక్షలు చేయాలి.

కోలుకోవడం అసాధ్యమని వైద్యులు భావించినప్పుడు చికిత్స ఆపే దారి కూడా చట్టంలో ఉంది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు గౌరవంగా మరణించే హక్కును గుర్తించింది, 2023 జనవరిలో విధానాన్ని సులభం చేసింది. ఆసుపత్రి ఏర్పాటు చేసే ప్రాథమిక బోర్డు, ఆపైన రెండో బోర్డు అంగీకరించాలి, కుటుంబం సమ్మతించాలి, ఆ నిర్ణయాన్ని మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఎవరైనా తమ ఇష్టాన్ని ఇద్దరు సాక్షుల ముందు రాసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారితో ధ్రువీకరించుకోవచ్చు.

మీరు డాక్టర్‌ను అడగాల్సినవి

రోజుకు ఒకసారి, కుటుంబం తరఫున ఒక్కరే మాట్లాడండి. ఒక పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి.

• అసలు జబ్బు ఏమిటి? దానికి చికిత్స పనిచేస్తోందా?
• ఎఫ్ఐఓటూ, పీప్ నిన్న ఎంత, ఇవాళ ఎంత?
• ఎత్తు కొలిచి టైడల్ వాల్యూమ్ లెక్కగట్టారా? ప్లాటో ప్రెషర్ 30 లోపే ఉందా?
• బోర్లా పడుకోబెట్టే అవసరం ఉందా? ఇక్కడ ఆ ఏర్పాటు ఉందా?
• తల భాగం ఎత్తులో ఉంచి, నోరు శుభ్రం చేస్తున్నారా? యంత్రం వల్ల వచ్చే న్యుమోనియాను అడ్డుకునే మామూలు జాగ్రత్తలు ఇవి.
• ఇవాళ మత్తు తగ్గించి సొంత శ్వాస పరీక్ష పెట్టారా? లేకపోతే కారణం ఏమిటి?
• రాత్రిపూట వెంటిలేటర్‌ను చూసేది ఎవరు?

ఇవి నిలదీసే ప్రశ్నలు కావు. మంచి బృందం వీటికి రెండు నిమిషాల్లో జవాబు చెబుతుంది.

ఖర్చు, తరలింపు సంగతేమిటి?

తెల్ల రేషన్ కార్డు లేదా ఆరోగ్య కార్డు ఉంటే చేర్చిన రోజే ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గరకు వెళ్లండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరు 9 నుంచి ఏడాదికి కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. మీ రోగి జబ్బు, వెంటిలేటర్ చికిత్స ఏ ప్యాకేజీ కిందికి వస్తాయో, ఎన్ని రోజులకు అనుమతి ఉందో అడిగి రాయించుకోండి. సందేహం ఉంటే 104కు ఫోన్ చేయండి.

వేరే ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే ముందు అక్కడ వెంటిలేటర్ బెడ్ ఖాళీ ఉందని ఖరారు చేసుకోండి. మామూలు అంబులెన్స్ సరిపోదు. వెంటిలేటర్, శిక్షణ పొందిన సిబ్బంది ఉన్న అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్ వాహనమే కావాలని అడగండి. దారి పొడవునా సరిపడా ఆక్సిజన్ ఉందో లేదో చూసుకోండి. ప్రస్తుత సెట్టింగులు, ఆఖరి రక్త పరీక్ష రాసిన కాగితం వెంట ఉండాలి. కేస్ షీట్ కాపీ అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని వైద్య నిబంధనలు చెబుతున్నాయి.

ఇంటికి వచ్చాక?

వెంటిలేటర్ మీద వారాల తరబడి ఉన్నవారు ఇంటికి రాగానే మామూలు మనుషులు కాలేరు. కండరాలు కరిగిపోయి లేచి నిలబడటమే కష్టమవుతుంది. గొంతు బొంగురుపోతుంది, నిద్ర పట్టదు, ఐసీయూ పీడకలలు వస్తాయి, మతిమరుపు ఉంటుంది. ఇవి నెలల పాటు ఉండొచ్చు. ఫిజియోథెరపీ, శ్వాస వ్యాయామాలు, మాంసకృత్తులున్న ఆహారం, డాక్టర్ చెప్పిన తేదీకి మళ్లీ చూపించుకోవడం తప్పనిసరి.

మత్తులో ఉన్నా కొందరికి మాటలు వినిపిస్తాయి. లోపలికి పంపిన ఆ ఐదు నిమిషాల్లో చేయి పట్టుకుని పేరుతో పిలవండి, ఇవాళ ఏ వారమో, ఇంట్లో అందరూ ఎలా ఉన్నారో చెప్పండి. ఏడుపు ఆపుకోలేకపోతే బయటకు వచ్చి ఏడవండి.